దుర్యోధనుడి పాదాలు

అధ్యక్షులవారికి, సభకు నమస్కారం. నాకిచ్చింది పదిహేను నిమిషాలు, శాలువాలకే నాలుగు పోయాయి. పొగడ్తలు వదిలేస్తాను.

కంబోడియా అనగానే అందరూ అంకోర్‌వాట్ అంటారు. నేను చెప్పేది దానికి ఈశాన్యంగా అడవిలో ఉన్న కో కేర్ గురించి. శాసనాల్లో దాని పేరు లింగపురం, చోక్ గర్గ్యార్. నాలుగో జయవర్మ 928లో అక్కడ రాజధాని పెట్టాడు. ఏడంతస్తుల రాతి పిరమిడ్, 36 మీటర్ల ఎత్తు, కట్టి పైన లింగాన్ని ప్రతిష్ఠించాడు. నీళ్ల కోసం ఏడు కిలోమీటర్ల కట్ట పోయించారు. అలుగు చాలక, కొత్తలోనే అది వరదకు తెగిందని పరిశోధకుల అంచనా. చెరువు కింద సేద్యం చేసినవారికి నేను వేరే చెప్పాలా? 944లో రాజేంద్రవర్మ రాజధానిని మళ్లీ అంకోర్‌కు మార్చేశాడు. పదహారేళ్ల ముచ్చట!

అసలు నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. అక్కడ ప్రాసాత్ చెన్ అని ఒక గుడి ఉంది. అందులో మన గదాయుద్ధాన్ని నిలువెత్తు విగ్రహాలుగా నిలిపారు. భీముడు, ఎదురుగా పైకి ఎగరబోతున్న దుర్యోధనుడు, చూస్తున్న బలరాముడు. పదో శతాబ్దపు శిల్పి ఆ ఒక్క క్షణాన్ని రాతిలో పట్టాడు. 1970ల యుద్ధకాలంలో దొంగలు వచ్చి విగ్రహాలను విరిచి పట్టుకుపోయారు. పాదాలు పీఠాల మీదే మిగిలాయి. భారతంలో విరిగింది తొడ, ఇక్కడ విరిగింది చీలమండ.

2011లో దుర్యోధనుడు న్యూయార్క్ వేలంపాటలో తేలాడు. ధర ఇరవై, ముప్పై లక్షల డాలర్లట! ఆ పాదాలే సాక్ష్యం చెప్పాయి. కోర్టు వ్యాజ్యం నడిచి, 2014లో ఆయన స్వదేశం చేరాడు. కాలిఫోర్నియా మ్యూజియంలో ఉన్న భీముడూ అదే ఏడాది వచ్చాడు.

మా ఊరి గుడిలో వీరభద్రుడి విగ్రహం పోయినప్పుడు నేనే ఫిర్యాదు రాశాను. "ఫొటో ఉందా?" అన్నారు. దేవుడికి ఫొటో తీయాలని ఆ రోజుల్లో ఎవరికి తోచిందండీ? పీఠం చూపించాను. "రాయి చూసి ఏం చేస్తాం" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

మీ ఊరి విగ్రహాలకు ఫొటోలు ఉన్నవాళ్లు చేతులెత్తండి. ఇద్దరేనా? అందరి జేబుల్లో ఫోన్లు ఉన్నాయి కదా! గంట కొడుతున్నారు, ఒక్క నిమిషం. రేపు గుడికి వెళ్లి, పూజారిగారి అనుమతి తీసుకుని, ముందు నుంచి, వెనుక నుంచి ఫొటోలు తీయండి. పాదాల దగ్గర మరీ దగ్గరగా తీయండి.