పదిహేడు వేల బూటు బురదలో దిగిపోయింది! స్కాట్లాండ్ కొండల్లో మా ఆదివారం

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? "ఎప్పుడు చూసినా ఆ వంటిల్లే చూపిస్తావు, బయటికి కదలవా" అని మా పెద్దమ్మ ఒకటే గొడవ. పెద్దమ్మా, ఇది నీకోసమే. చూశాక అమ్మకి ఫోన్ చేసి పిల్ల చిక్కిపోయిందని మాత్రం చెప్పకు.

టైము ఉదయం ఆరున్నర. ఇది కొరౌర్ స్టేషన్. గ్లాస్గో నుంచి రైల్లో మూడు గంటలు. చుట్టూ ఊరు లేదు, మామూలు జనం బళ్లేసుకుని రావడానికి రోడ్డూ లేదు. రాత్రి ఇక్కడికి దగ్గర్లోనే లాఖ్ ఆసియన్ ఒడ్డున హాస్టల్లో పడుకున్నాం. లాఖ్ అంటే చెరువే.

ఎందుకొచ్చామంటే, మా ఆయనకి మన్రోల పిచ్చి. 1891లో సర్ హ్యూ మన్రో అనే ఆయన ఇక్కడ 3,000 అడుగులు దాటిన కొండలన్నిటికీ ఒక లిస్టు రాశాడు. ఇప్పటి లెక్కలో అవి 282. అన్నీ ఎక్కడం కొంతమందికి దీక్ష లాంటిది. మా ఆయనవి పదకొండు అయ్యాయి. మా నర్సీపట్నంలో బస్సెక్కితే లంబసింగిలో దిగొచ్చు, అది కూడా దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తే. పైగా దిగగానే వేడి టీ. ఇక్కడ అంతకన్నా తక్కువ ఎత్తుకి పొద్దున్నించి సాయంత్రం దాకా నడవాలి, టీ కూడా మనమే మోసుకెళ్లాలి.

మొదటి కొండ కార్న్ జెరగ్, 941 మీటర్లు. ఎక్కడం పెద్ద కష్టం కాదండీ. కష్టమంతా కింద నేలతోనే. చూడ్డానికి పచ్చగా, మెత్తగా పరుపులా ఉంటుంది. చలికి, నీళ్లకి నాచు పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లుగా పేరుకుపోయిన నల్ల మట్టి అది, పీట్ అంటారు. మనం వచ్చిన రైలు పట్టాలు కూడా దీని మీదే ఉన్నాయి. 1894లో ఈ లైను తెరిచారు. ఇక్కడి రన్నోక్ మూర్ బురదలో కట్ట నిలవక, చెట్ల వేళ్లు, కొమ్మలు పరుపులా పరిచి, మట్టీ బూడిదా పోసి, దాని మీద పట్టాలు వేశారు. అంటే రాత్రి మన రైలు ఒకరకంగా తేలుతూ వచ్చింది.

రైలు తేలింది, నేను తేల్లేదు. మడమ ఒరుసుకుంటోందని లేసు వదులు చేసుకున్నాను, అదే తప్పు. ఎడమ కాలు గుళుక్కుమని మోకాలి దాకా దిగిపోయింది. మా ఆయన "ఆగు, ఆగు" అంటూ చేతికర్ర అందించారు. నాకు మాత్రం నాన్న మాట గుర్తొచ్చింది. దమ్ము చేసిన మడిలో కాలు దిగబడితే పైకి లాగకూడదు, మడమ అటూ ఇటూ తిప్పి గాలి పోనివ్వాలి. అలాగే తిప్పాను. కాలొచ్చింది, బూటు రాలేదు. జత 150 పౌండ్లండీ, మన లెక్కలో పదిహేడు వేలు! చొక్కా చెయ్యి మడిచి భుజం దాకా పెట్టి వెతికితే దొరికింది. చేతికి అంటిన బురద తడిసిన టీపొడిలా ఉంది. ఒక్క వానపాము లేదు, పీత లేదు. మడి వాసనే లేదు. ఎందుకో ఆ వాసన కోసం రెండుసార్లు చూశాను.

ఇంకో సంగతి. ఇదంతా ఎవరిదో ఎస్టేటు. అయినా ఎవరూ ఆపరు, టికెట్టు లేదు. 2003లో వచ్చిన చట్టం ప్రకారం, పాడు చేయకుండా ఉంటే చాలావరకు ఎవరి భూమిలోనైనా నడవొచ్చు. మా ఊళ్లో జానెడు గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెళ్లారు, నేను చెప్పను ఎవరో.

రెండోది స్కోర్ గైర, 955 మీటర్లు. పేరుకి మేకల శిఖరం. మేకల్లేవు, దూరంగా జింకలున్నాయి. పైన రాళ్ల కుప్ప, మేమిద్దరం, గాలి. సున్నుండ విప్పితే సగం పిండి కెమెరా మీదే పడింది. అక్కడితో దిగిపోదామంటే మా ఆయన పక్కనున్న స్కోర్ హోన్యిచ్ కూడా అన్నారు. 929 మీటర్లున్నా దాన్ని వేరే మన్రోగా లెక్కేయరు. వేలు విడిచిన మేనమామ లాంటిదన్నమాట, పలకరించకపోతే బాగోదని వెళ్లాం. గాలి ఆగగానే మిడ్జ్‌లు, కనపడీ కనపడనంత దోమలు, చెవుల్లో కూడా! ఆ తర్వాత ఐదు కిలోమీటర్ల చెరువు పక్కన ఒకటే నడక, రైలు తప్పిపోతుందని టెన్షన్. దాన్నేమీ షూట్ చేయలేదు.

రైలెక్కి సిగ్నల్ రాగానే బురద క్లిప్పు నాన్నకి పంపాను. కొండల గురించి ఒక్క మాట లేదు.

"అన్ని నీళ్లుంచుకుని వాళ్లు నాట్లెందుకు వెయ్యరమ్మా?"

"చలి నాన్నా."

"ఊఁ. మనకింకా వాన పడలేదు. బూటు వేడినీళ్లతో కడక్కు, తోలు బిగుసుకుపోద్ది. ఎంతేంటి అది?"

రెండు వేలని చెప్పాను. పెద్దమ్మా, నువ్వు నోరు జారకు.