పప్పు, కూరగాయల సూప్: రుచంతా నీళ్లు పోయకముందే

అందరికీ నమస్తే. ఈ రోజు పప్పు, కూరగాయలు కలిపి మంచి సూప్ చేద్దాం. చాలామంది అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి, నీళ్లు పోసి ఉడకబెట్టేస్తారు, తీరా తాగి చూస్తే చప్పగా ఉందని ఉప్పు మీద ఉప్పు వేస్తారు. ఉప్పుతో తీరే లోటు కాదది. ఈ సూప్‌కి రుచి వచ్చేది నీళ్లు పోయకముందు, నూనెలో. అందుకే కాసేపటి వరకు గిన్నెలో మీకు నీళ్లే కనిపించవు, కంగారు పడకండి.

నలుగురికి సరిపోయేలా ఒక కప్పు ఎర్రపప్పు తీసుకున్నాను, అదే, పొట్టు తీసిన మసూర్ పప్పు. దీన్ని నానబెట్టక్కర్లేదు, 20 నిమిషాల్లో మెత్తబడిపోతుంది, చిక్కదనం కూడా అదే ఇస్తుంది. పొట్టుతో ఉన్నదైతే 35, 40 నిమిషాలు పడుతుంది కానీ గింజ విడివిడిగా ఉంటుంది, పంటికి తగలడం ఇష్టమైతే అదే వాడండి. నీళ్లు తేటపడేదాకా కడిగి పక్కన పెట్టండి.

ఇప్పుడు అడుగు మందంగా ఉన్న గిన్నెలో మూడు టేబుల్ స్పూన్ల నూనె వేడి చేసి, సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు, చిటికెడు ఉప్పు వేయండి. ఉప్పు పడితే ఉల్లిపాయ నీరు వదులుతుంది, మాడకుండా మగ్గుతుంది. మంట తగ్గించేయండి. పది నిమిషాలు. అవును, పది నిమిషాలూ కావాలి, ఇక్కడ తొందరపడితే తర్వాత ఏం వేసినా ఆ తియ్యదనం రాదు. అంచులు బంగారు రంగులోకి తిరిగాక రెండు క్యారెట్లు, గుప్పెడు బీన్స్ చిన్న ముక్కలుగా వేసి ఇంకో ఐదు నిమిషాలు వేయించండి. వెల్లుల్లి నాలుగు రెబ్బలు చివర్లో, ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది.

వెల్లుల్లి వాసన రాగానే ఒక టీ స్పూన్ జీలకర్ర పొడి, ఒకటి ధనియాల పొడి, అర స్పూన్ మిరియాల పొడి. వీటి సువాసన నూనెలో దిగినంత బాగా నీళ్లలో దిగదు, అందుకే ఇప్పుడే వేస్తున్నాను. అర నిమిషం చాలు, అంతకు మించితే మాడతాయి.

వెంటనే పప్పు, ఆరు కప్పుల వేడినీళ్లు, ఒక టీ స్పూన్ ఉప్పు. అడుగున గోధుమ రంగులో అంటుకున్నది ఉంటుంది చూడండి, దాన్ని చెక్క గరిటెతో గీకి నీళ్లలో కలిపేయండి, పారేసుకోవద్దు, చాలా రుచి దాన్లోనే ఉంది. మరుగుతున్నప్పుడు పైన తేలే నురగ తీసేసి, మూత ఓరగా పెట్టి సన్న మంట మీద ఉడకనివ్వండి.

టమాటా ఇంకా వేయలేదేంటి అనుకుంటున్నారా? పులుపు తగిలితే పప్పు మెత్తబడటం ఆలస్యమవుతుంది. పప్పు ఉడికిందని తెలిశాకే రెండు టమాటాల గుజ్జు వేసి ఇంకో పది నిమిషాలు ఉంచండి. ఉప్పుకి ఆ భయం లేదు, మొదట్లో వేస్తేనే పప్పు లోపలికి పడుతుంది.

ఇప్పుడు సూప్‌లో సగం మాత్రమే మెదపండి, పప్పుగుత్తి చాలు. మొత్తం మెత్తగా చేసేస్తే క్యారెట్, బీన్స్ వేసిన సుఖమే ఉండదు. మిక్సీ వాడేవాళ్లు చల్లారాకే వేయండి, వేడిగా వేసి తిప్పితే ఆవిరికి మూత ఎగిరి మీద పడుతుంది, జాగ్రత్త.

చివరగా పాలకూర రెండు గుప్పిళ్లు, రెండు నిమిషాలు. స్టవ్ ఆపేశాక అర చెక్క నిమ్మరసం పిండి, అప్పుడు రుచి చూడండి. ఇంకా ఏదో తక్కువైందనిపిస్తే ఉప్పు కంటే ముందు ఇంకాస్త నిమ్మరసం వేసి చూడండి, చాలాసార్లు లోటు అదే.

మిగిలింది ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలవ ఉంటుంది. మర్నాటికి గట్టిపడుతుంది, పాడైందనుకోకండి, పప్పులోని పిండిపదార్థం వల్ల అలా అవుతుంది. కాసిని వేడినీళ్లు కలిపి, అడుగంటకుండా తిప్పుతూ వేడి చేసుకోండి.