కోపిటార్ వెళ్లాక మధ్యలో ఎవరు? (2025-26 సీజన్ మొదలయ్యే ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, హాకీ గురించి వినడానికి ఇంతమంది కూర్చున్నారంటే ఆశ్చర్యంగానే ఉంది. ముందే చెప్పేస్తాను, ఇది ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు. మంచు మీద, పక్ అనే రబ్బరు బిళ్లతో ఆడేది. మన లాస్ ఏంజెలెస్‌కి 1967 నుంచీ కింగ్స్ అనే జట్టుంది. ఇక్కడున్న పిల్లల్లో ఎవరైనా వీపు మీద 55 అంకె ఉన్న జెర్సీ వేసుకుంటే, మనం మాట్లాడుకోబోయే కుర్రాడు అతనే. క్వింటన్ బైఫీల్డ్.

ఇప్పుడే ఎందుకంటే, 2025 సెప్టెంబర్ 18న కింగ్స్ కెప్టెన్ ఆన్జె కోపిటార్ ఈ 2025-26 సీజనే తనకు ఆఖరిదని ప్రకటించాడు. స్లొవేనియా నుంచి వచ్చి 2006 నుంచి ఒకే జట్టుకి ఆడినవాడు. 2012లో, 2014లో రెండు స్టాన్లీ కప్పులు, అంటే లీగ్ టైటిళ్లు, తెచ్చినవాడు. ఇన్నేళ్లూ కింగ్స్‌కి మొదటి సెంటర్ ఎవరన్న ప్రశ్నే రాలేదు. వచ్చే ఏడాది వస్తుంది. అందరి వేళ్లూ బైఫీల్డ్ వైపే చూపిస్తున్నాయి. నాకున్న సందేహమల్లా ఒక్కటే. ఈ ఐదేళ్లలో ఆ పనికి అతన్ని నిజంగా తయారుచేశారా, లేక ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపుతూ వచ్చారా?

ఆట కొత్తవాళ్ల కోసం ఒక్క నిమిషం. మంచు మీద ఒక్కో జట్టుకి గోలీ (గోల్‌కీపర్) కాక ఐదుగురుంటారు. ఇద్దరు డిఫెన్స్‌లో, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఆ ముగ్గురిలో మధ్యలో ఆడేవాడు సెంటర్, అటూ ఇటూ వింగర్లు. టీవీలో చూస్తే ముగ్గురూ కలిసే పరిగెడుతున్నట్టు ఉంటుంది, తేడా తెలియదు. తేడా అంతా సొంత గోలు దగ్గర బయటపడుతుంది. ప్రత్యర్థి పక్ తీసుకుని మన మూలలోకి వచ్చాడనుకోండి. వింగర్ పైన బ్లూ లైన్ (మన గోలు ప్రాంతానికి హద్దు గీత) దగ్గర ఉన్న వాళ్ల డిఫెన్స్‌మన్‌ని కాచుకుంటే సరిపోతుంది. సెంటర్ మాత్రం కిందదాకా దిగాలి. మూలలో పెనుగులాడుతున్న మన డిఫెన్స్‌మన్‌కి సాయం పట్టాలి, గోలు ముందు ఎవడైనా ఒంటరిగా నిలబడితే వాణ్ణి కాయాలి, పక్ దొరికాక దాన్ని మోసుకుని బయటపడే దారి వెతకాలి. వింగర్ గోడవైపు ఒక దిక్కు చూసుకుంటే చాలు. సెంటర్ తలని అన్ని వైపులా తిప్పుతూనే ఉండాలి.

ఇక ఫేస్‌ఆఫ్. ఆట ఆగిన ప్రతిసారీ ఇద్దరు సెంటర్లు ఎదురెదురుగా వంగి నిలబడతారు, మధ్యలో రిఫరీ గానీ, లైన్స్‌మన్ అనే సహాయ రిఫరీ గానీ పక్ వదులుతాడు. చూడ్డానికి అర సెకను పని. మన గోలు వైపు ఫేస్‌ఆఫ్ అయితే, రక్షించుకునే జట్టు సెంటరే ముందు కర్ర ఆనించాలన్నది నియమం. అంటే ఎదుటివాడు నీ కర్ర చూసి, నీ చేతి పట్టు చూసి, ఆ తర్వాత తన ఎత్తు వేస్తాడు. ఇది బలంతో గెలిచే పని అనుకుంటాం గానీ, కోపిటార్ లాంటివాళ్లు అవతలివాడి మణికట్టు చూసి గెలుస్తారు. ఇలాంటివి ప్రాక్టీసులో సగమే వస్తాయి. మిగతా సగం మ్యాచుల్లో ఓడి ఓడి నేర్చుకోవాల్సిందే. వింగ్‌లో ఆడిన రోజున ఆ ఓటములూ ఉండవు, ఆ చదువూ ఉండదు.

ఇప్పుడు కుర్రాడి కథకొద్దాం. 2002 ఆగస్టు 19న టొరంటోకి ఉత్తరాన న్యూమార్కెట్‌లో పుట్టాడు. తండ్రి జమైకా నుంచి వలస వచ్చినవాడు. సడ్‌బరీ వుల్వ్స్ జట్టుకి జూనియర్ హాకీ ఆడాడు, సెంటర్‌గానే. 2019-20లో 45 మ్యాచుల్లో 82 పాయింట్లు. పాయింట్లంటే గోల్స్, అసిస్టులు (గోలుకి దారితీసిన పాసులు) కలిపి. 2020 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వరసగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట, కింగ్స్ అతన్ని రెండో స్థానంలో తీసుకుంది. కింగ్స్ ఆడే లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలో అంతకుముందు ఏ నల్లజాతి ఆటగాణ్ణీ అంత ముందు ఎంచుకోలేదు. 2009లో ఇవాండర్ కేన్, 2013లో సెత్ జోన్స్, ఇద్దరివీ నాలుగో స్థానాలు. పద్దెనిమిదేళ్ల పిల్లాడి భుజాల మీద ఆ బరువు కూడా పెట్టాం.

కోవిడ్ వల్ల ఆ ఏడాది వాళ్ల జూనియర్ లీగ్ జరగలేదు. దాంతో కింగ్స్ అతన్ని తమ కింది జట్టు ఒంటారియో రెయిన్‌కి పంపింది. కెనడాలో ఒంటారియో నుంచి కాలిఫోర్నియాలో ఒంటారియోకి వచ్చాడన్నమాట. మన ఈ ఒంటారియోని స్థాపించిన ఛాఫీ అన్నదమ్ములు కూడా అక్కణ్ణుంచి వచ్చినవాళ్లే లెండి. 2021 అక్టోబర్‌లో సీజన్‌కి ముందు ఆడే ఉత్తుత్తి మ్యాచులో చీలమండ విరిగింది. ఆ ఏడు 40 మ్యాచులు, 10 పాయింట్లు. అదే డ్రాఫ్ట్‌లో మూడోవాడైన టిమ్ స్టుట్జ్లే ఒట్టావాలో దూసుకుపోతుంటే, కింగ్స్ తప్పు చేసిందన్న మాటలు మొదలయ్యాయి.

2022-23 మధ్యలో కోచ్ టాడ్ మెక్‌లెలన్ అతన్ని ఎడమ వింగ్‌కి మార్చాడు. కోపిటార్ మధ్యలో, ఏడ్రియన్ కెంపే కుడివైపు. ఆ ఏడాది మూడే గోల్స్ కొట్టాడు గానీ, ఆ ముగ్గురి లైన్ మాత్రం బాగా కుదిరింది. పక్‌ని లోపలికి విసిరితే, ఆరడుగుల ఐదంగుళాల మనిషి ముందుగా వెళ్లి ప్రత్యర్థి డిఫెన్స్‌మన్ మీద పడేవాడు. వాడు తిరిగేలోపు ఆ పొడవాటి చేతులతో పక్ లాగేసి వెనక వస్తున్న కోపిటార్‌కి అందించేవాడు. ఇంత పొడుగువాడు ఇంత వేగంగా వస్తాడని ఎవరూ అనుకోరు కదా. 2023-24లో ఫలితం కనిపించింది. 80 మ్యాచులు, 20 గోల్స్, 55 పాయింట్లు. పండిపోయాడు, వింగే ఇతని చోటు, అన్నారు చాలామంది.

ఆ ఏడాది అతను సెంటర్‌గా ఎందుకు ఆడలేదో కూడా చెప్పుకోవాలి. ఆ చోటు ఖాళీ లేదు. 2023 జూన్‌లో కింగ్స్ పియెర్-లుక్ డుబోవాని తెచ్చుకుంది. విలార్డీ, ఐయాఫాలో, కుపారీ అనే ముగ్గురు ఆటగాళ్లను ఇచ్చేసి, ఆపైన ఎనిమిదేళ్లకి ఏటా 85 లక్షల డాలర్ల ఒప్పందం రాసింది. కోపిటార్, డనో, డుబోవా, ముగ్గురు సెంటర్లు. డుబోవా ఇక్కడ చేసింది 40 పాయింట్లు. ఏడాది తిరక్కుండానే అతన్ని వాషింగ్టన్‌కి ఇచ్చి గోలీ కెంపర్‌ని తెచ్చుకున్నారు. అక్కడ మొదటి సీజన్‌లోనే ఆ మనిషి 66 పాయింట్లు కొట్టాడు. దాని గురించి నేను ఎక్కువ మాట్లాడను, పక్కన చిన్నపిల్లలున్నారు.

అప్పుడు గుర్తొచ్చాడు బైఫీల్డ్. 2024 జులైలో ఐదేళ్ల ఒప్పందం, ఏడాదికి 62.5 లక్షల డాలర్లు. ఇక నువ్వు సెంటర్‌వే అన్నారు. 2024-25లో 81 మ్యాచులు, 23 గోల్స్, 54 పాయింట్లు. వింగ్‌లో కోపిటార్ పక్కన 55, తన సొంత లైన్ నడిపిస్తూ 54. పాయింట్లు చూస్తే పెరుగుదల లేదనిపిస్తుంది. నాకైతే ఈ రెండోదే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. మొదటి ఏడాది పని కష్టమంతా కోపిటార్ మోశాడు, రెండో ఏడాది తనే మోసుకున్నాడు.

ఇక్కడ మీలో ఒకరు అడగొచ్చు, రెండు చోట్లా ఆడగలిగితే జట్టుకి లాభమే కదా అని. లాభమే. దీనికి గట్టి ఉదాహరణ కెంపే. ఒకప్పుడు అతన్నీ కింగ్స్ సెంటర్‌గా ఆడించింది. మామూలు ఆటగాడిలా కనిపించేవాడు. వింగ్‌కి మార్చాక 2021-22లో 35 గోల్స్, మరుసటి ఏడు 41. అక్కడ మార్పు వల్ల అతని అసలు చోటు దొరికింది. విలార్డీ కూడా అంతే, సెంటర్ అని డ్రాఫ్ట్ చేశారు, వింగర్‌గా కుదురుకున్నాడు. కాబట్టి మార్చడమే తప్పని నేననను. ఎడ్మంటన్ జట్టులో లియోన్ డ్రైసైటల్‌ని చూడండి. అవసరమైతే అదే జట్టు సెంటర్ మెక్‌డేవిడ్ పక్కన వింగ్‌లో ఆడతాడు, లేదంటే తన లైన్‌కి తనే సెంటర్. కానీ అతను సెంటర్‌గా స్థిరపడ్డాడు. 

మన దగ్గర జరిగింది వేరు. ఇతను ఒక చోట స్థిరపడకముందే అన్ని చోట్లకీ పనికొస్తాడని తేలిపోయింది. పని బాగా వచ్చినవాడికే పనులన్నీ చెప్పడం మన ఇళ్లలోనూ ఉన్నదే. వింగర్‌కి దెబ్బ తగిలితే బైఫీల్డ్, సెంటర్ లేకపోతే బైఫీల్డ్, పవర్ ప్లేలో, అంటే ఎదుటి జట్టులో ఒకడు శిక్షపడి బయట ఉన్నప్పుడు, గోలు ముందు నిలబడాలంటే బైఫీల్డ్. కూరలో కరివేపాకు అయిపోతాడేమోనని నా భయం.

ఒక పోలిక చెప్తాను, కొంచెం అన్యాయమైనదే. కోపిటార్ పుట్టింది కూడా ఆగస్టులోనే, 1987 ఆగస్టు 24. అంటే ఇద్దరూ 22 ఏళ్ల వయసులో ఆడిన సీజన్లను పక్కపక్కన పెట్టొచ్చు. 2009-10లో కోపిటార్‌వి 81 పాయింట్లు. 2024-25లో బైఫీల్డ్‌వి 54. తేడా పెద్దదే. అయితే కోపిటార్ 2006లో వచ్చిన మొదటి ఏడాదే జట్టులో ముఖ్యమైన సెంటర్. అప్పట్లో కింగ్స్ ఎలాగూ అడుగున ఉండేది. ఓడినా అడిగేవాడు లేడు, కుర్రాణ్ణి తప్పులు చేయనిచ్చారు. బైఫీల్డ్ వచ్చేసరికి జట్టు గెలవాలనే తొందరలో ఉంది. ఆ తొందరే అతన్ని వింగ్‌కి నెట్టింది.

గెలిచిందా మరి? 2022, 2023, 2024, 2025, వరసగా నాలుగేళ్లు మొదటి రౌండ్‌లోనే ఇంటిదారి. నాలుగుసార్లూ ఎడ్మంటన్ చేతిలోనే. అటు మెక్‌డేవిడ్, డ్రైసైటల్, ఇద్దరూ మధ్యలో. 2024-25లో డ్రైసైటల్ 52 గోల్స్‌తో లీగ్ అంతటికీ పైన నిలిచాడు. ఆ ఇద్దరినీ ఎదుర్కోవడానికి 37 ఏళ్ల కోపిటార్ ఒక్కడూ ఎన్నాళ్లు? ఆ వయసులోనూ 67 పాయింట్లు చేశాడు, దండం పెట్టాలి. కానీ మూడో పీరియడ్‌లో, అంటే ఆట ఆఖరి భాగంలో, ఆ వయసు కాళ్లు అలసిపోతాయి.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ సీజన్ మొదటి రోజు నుంచీ బైఫీల్డ్‌ని మధ్యలోనే ఉంచాలి. వరసగా పది మ్యాచులు గోలు పడకపోయినా, ఫేస్‌ఆఫ్‌లు ఓడుతున్నా, కోపిటార్ పక్కన వింగర్ లోటు కనిపించినా కదపకూడదు. కోపిటార్ ఇంకా డ్రెస్సింగ్ రూమ్‌లో ఉండే ఆఖరి ఏడాది ఇది. కష్టమైన ప్రత్యర్థి సెంటర్ని ఒక రాత్రి కోపిటార్‌కి, మరో రాత్రి బైఫీల్డ్‌కి అప్పగించొచ్చు. మర్నాడు ఎల్ సెగుండోలో ప్రాక్టీసుకి వచ్చి ఇద్దరూ వీడియో ముందు కూర్చోవచ్చు. వచ్చే అక్టోబర్‌కి ఆ అవకాశం ఉండదు. అతను 90 పాయింట్లు కొట్టే సెంటర్ అవుతాడని నేను అనుకోవడం లేదు. 70 దగ్గర ఆగి, అవతలి జట్టు మొదటి లైన్‌ని కట్టడి చేసే సెంటర్ అవుతాడనుకుంటున్నాను. 2028-29 వరకూ ఏటా 62.5 లక్షలకి అలాంటివాడు దొరకడమంటే చవక బేరమే. ఒక్కో జట్టు జీతాల పరిమితి 2025-26లో 9.55 కోట్ల డాలర్లకి పెరిగింది, ఇంకా పెరుగుతుంది కూడా.

కోచ్ ఏం చేస్తాడో తెలియాలంటే గోల్స్ లెక్క చూడకండి. మూడో పీరియడ్‌లో ఆఖరి రెండు నిమిషాలు, కింగ్స్ ఒక్క గోలు ఆధిక్యంలో ఉంది, ఫేస్‌ఆఫ్ మన గోలు పక్కనే పడింది. అప్పుడు బెంచ్ మీంచి ఎవరు దూకుతున్నారో చూడండి. కోపిటార్ వస్తే అది అలవాటు. 55 అంకె వచ్చి కర్ర ఆనిస్తే, జట్టు వచ్చే ఏడాదికి సిద్ధమవుతున్నట్టే.

ఇక ప్రశ్నలుంటే అడగండి. డుబోవా గురించి మాత్రం టీ తాగేటప్పుడు.