మైనస్ మూడు కప్పుల టీ

నమస్కారం. మీరు రోజుకి ఎన్ని కప్పుల టీ తాగుతారు? బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ అనే పెద్ద ఆరోగ్య పరిశోధన వాళ్లు సుమారు 5 లక్షల మందిని ఇదే ప్రశ్న అడిగారు. 2006 నుంచి 2010 దాకా, 40 నుంచి 69 ఏళ్ల వాళ్లని పిలిచి, రక్తం తీసుకుని, బీపీ చూసి, ఇలాంటి ప్రశ్నలు బోలెడు వేశారు.

మనం టీ దగ్గరే ఆగుదాం. రెండు కప్పులంటే 2, నాలుగంటే 4. బానే ఉంది. మరి "తెలీదండీ" అన్నవాళ్లకి? మైనస్ 1. "చెప్పను" అన్నవాళ్లకి? మైనస్ 3. తాగుతాను గానీ రోజుకి ఒక కప్పు కన్నా తక్కువే అన్నవాళ్లకి ఏకంగా మైనస్ 10. ఇవి గుర్తులు, కొలతలు కావు, కానీ ఆ సంగతి కంప్యూటరుకి ఎవరు చెప్పాలి? చెప్పకపోతే అన్నీ కలిపేసి సగటు తీస్తుంది, ఎవరో పెద్దమనిషి పొద్దున్నే లేచి మైనస్ మూడు కప్పులు తాగినట్టు! నవ్వకండి, నేనూ ఒకసారి ఓ సర్వేలో, వయసు చెప్పనివాళ్లకి వేసిన 99 తీసేయడం మర్చిపోయి ఊళ్లో అందరూ ముసలివాళ్లే అని తేల్చాను.

ఇప్పుడు ఒక జన్యువులో చిన్న తేడా ఉంది, దానికి ఈ మనుషుల్లో ఏయే లక్షణాలతో సంబంధం ఉందో వెతకాలి. టీ ఒక్కటే అయితే కూర్చుని సరిచేసుకోవచ్చు, వేల లక్షణాలైతే? అందుకే బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో లూయిస్ మిలార్డ్, ఆమె సహచరులు ఫెజంట్ అనే సాఫ్ట్‌వేర్ రాశారు. నెమలికి చుట్టమయ్యే పక్షి పేరు, పెట్టినవాళ్లకి సరదా ఉంది. అది ఒక్కో లక్షణాన్నీ చూసి, ఇది కొలతా, అవును-కాదు జవాబా, కొంచెం-మధ్యస్థం-ఎక్కువ లాంటి వరసా అని తేల్చుకుని, తగిన లెక్క తనే వేస్తుంది. మైనస్ 3 అంటే ఏంటో మాత్రం మనిషే ముందుగా ఒక ఫైలులో రాసి పెట్టాలి. నాకు నచ్చింది ఆ ఫైలే. ఎవరైనా తెరిచి చదవొచ్చు, తప్పుంటే పట్టుకోవచ్చు.

ఇంకొక్క మాట చెప్పి వదిలేస్తాను, టైమైపోతోంది. ఇలా 20,000 లెక్కలు వేస్తే, అసలు ఏ సంబంధమూ లేకపోయినా, నూటికి ఐదు చొప్పున ఓ వెయ్యి "దొరికింది, దొరికింది" అంటాయి. అందుకే "దొరికింది" అనడానికి పెట్టుకున్న గీతని బాగా కిందికి దించి, ఆ నూటికి ఐదుని, అంటే 0.05ని, 20,000తో భాగించి చూస్తారు. రేపు ఫలానా జన్యువుకీ టీ అలవాటుకీ సంబంధం ఉందట అని పేపర్లో వస్తే, ఒక్కటే అడగండి: ఎన్నింటిలో వెతికితే దొరికిందండీ ఇది?