మూడో లిఫ్టు కూడా చూపించండి

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా విజయనగరంలో జరిగిన సభలో ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరినీ నాకంటే ముందు మాట్లాడినవారు పేరుపేరునా తలుచుకున్నారు. వారందరికీ నా గౌరవం కూడా అందినట్టే భావించమని మనవి చేస్తూ, ఆ సమయాన్ని విషయానికి వాడుకుంటాను. వెనక నిలబడ్డ పిల్లలూ, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నేను చెప్పబోయేది ముఖ్యంగా మీకోసమే.

నిర్వాహకులు నాకు ఒక ప్రశ్న ఇచ్చారు. పెద్దగా ఎవరూ పట్టించుకోని అంతర్జాతీయ క్రీడాపోటీల ప్రసారానికి దూరదర్శన్, ఆకాశవాణి వంటి సంస్థలు భారీగా ఖర్చు పెట్టాలా అని. నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఆ పోటీలను చూపించి తీరాలి. ఖర్చు మాటకొస్తే, దేనిమీద అని అడుగుతాను. ఆ రెండో భాగమే నా బాధ.

1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో ప్రపంచకప్ హాకీ ఫైనల్. మనం పాకిస్తాన్‌ను 2-1తో ఓడించాం. మా ఊళ్లో పంచాయతీ రేడియో చుట్టూ చేరి విన్నాం. వ్యాఖ్యానం చెప్పింది జస్‌దేవ్ సింగ్. మాకు హిందీ వచ్చేది కాదు. ఆయన గొంతు పెరిగితే బంతి గోలు దగ్గరకు వెళ్లిందని గ్రహించేవాళ్లం, అంతే. మరునాటి నుంచి వెదురు కర్రలతో హాకీ మొదలైంది. ఇక్కడ ఒక్క మాట గమనించండి. హాకీ ప్రపంచకప్ మొదలైంది 1971లో. 1975లో జరిగింది మూడోది మాత్రమే. అప్పటికి అది ఇంకా వేళ్లూనుకోని కొత్త పోటీ. ఎవరు వింటారులే అని ఆకాశవాణి ఆ రోజు ఊరుకుని ఉంటే మా చేతుల్లోకి ఆ వెదురు కర్రలు వచ్చేవి కావు.

వ్యాఖ్యానం గురించి మన ఊరికి ఒకరు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1936లో భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించి ఇంగ్లండ్ వెళ్లిన విజ్జీ మన విజయనగరం వాడే. ఆట మానేశాక ఆయన రేడియో వ్యాఖ్యాత అయ్యారు. రాజవంశంలో పుట్టినవాడు కూడా మైకు ముందు కూర్చుని, మైదానంలో జరుగుతున్నది మైదానం చూడలేనివాడికి చెప్పడం తన పని అనుకున్నాడు. ఆ పని ఎంత అవసరమో చెప్పడానికి నేను మల్లీశ్వరి దగ్గరకు వెళ్లాలి.

కరణం మల్లీశ్వరిది మన పక్క జిల్లా, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో, అంటే బార్‌ను ఒకే ఊపులో తలపైకి ఎత్తడంలో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడంలో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే ఆ ఏడాది. ఇంతవరకు మీ అందరికీ తెలుసు. ఆమె చివరి లిఫ్టు గురించి ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి చూద్దాం. ఇద్దరు, ముగ్గురు. చూశారా?

చివరి ప్రయత్నానికి ఆమె బార్ మీద 137.5 కిలోలు పెట్టించారు. అది లేచి ఉంటే మొత్తం 247.5 అయ్యేది, స్వర్ణం మనది. లేవలేదు. స్వర్ణం గెలిచిన చైనా లిఫ్టర్ లిన్ వెయినింగ్ మొత్తం 242.5. రజతం గెలిచిన హంగేరీ లిఫ్టర్ మార్కుష్‌ది కూడా 242.5. ఇద్దరి మొత్తం సమానమైతే శరీరం బరువు తక్కువున్నవారిదే పైచేయి అన్నది అప్పటి నిబంధన. మన మల్లీశ్వరికీ స్వర్ణానికీ మధ్య తేడా రెండున్నర కిలోలు! అప్పట్లో బరువు రెండున్నర కిలోల చొప్పున పెంచేవారు. 132.5 ఎత్తి ఉంటే వాళ్లతో సమానం. 135 ఎత్తి ఉంటే 245, అందరికంటే పైన. మరి 137.5 ఎందుకు పెట్టించారు? మన వ్యాయామశాలల్లో ఈ ప్రశ్న మీద ఇప్పటికీ వాదనలు జరుగుతాయి. నేను తీర్పు చెప్పను. ఆ సమయంలో అక్కడ నిలబడి లెక్క వేయడం తేలిక కాదు.

ఆ లెక్క ఎలా సాగుతుందో పిల్లలకు చెప్పాలి. లిఫ్టర్‌కు స్నాచ్‌లో మూడు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు అవకాశాలు. పేరు పిలిచాక ఒక నిమిషం. వరసగా రెండుసార్లు తానే రావలసి వస్తే రెండు నిమిషాలు. చివరి ముప్పై సెకన్ల గంట మోగేలోపు కోచ్ బరువు మార్చుకోవచ్చు, అదీ రెండుసార్లే. అక్కడ అవతలి కోచ్ ఒక కిలో పెంచితే ఇక్కడ మన అమ్మాయికి విశ్రాంతి తగ్గిపోతుంది. ఎర్ర ప్లేటు 25 కిలోలు, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. రంగులు చూసి బార్ మీద ఎంత ఉందో చెప్పేయవచ్చు. ముగ్గురు రిఫరీలు, మూడు దీపాలు. రెండు తెల్లగా వెలిగితే లిఫ్టు చెల్లినట్టు. బార్ తలపైకి వెళ్లాక మోచేయి ఒక్క క్షణం వంగి మళ్లీ నిటారైతే ఎర్ర దీపమే. ఇవన్నీ తెలిసి చూస్తే గుండె ఆగుతుంది. తెలియకుండా చూస్తే ఎవరో బరువెత్తారు, దించారు, అంతే. తెలిసేలా చేయడమే ప్రసారం. కెమెరా పెట్టి వదిలేయడం ప్రసారం కాదు.

ఈ రెండింటికీ మధ్య నలిగిపోయిన ఒక తండ్రిని నేను చూశాను. ఆయన జూట్ మిల్లు కార్మికుడు. కూతురు నా దగ్గర సాధన చేసింది. ఆ అమ్మాయి పేరు చెప్పను, ఆమెకు ఇష్టం ఉండదు. విదేశంలో ఆసియా స్థాయి జూనియర్ పోటీకి ఎంపికైంది. "మాస్టారూ, మా అమ్మాయి ఎత్తడం టీవీలో వస్తుందా?" అని ఆయన నన్ను ఎన్నిసార్లు అడిగాడో. ఒక ఛానెల్ చూపిస్తుందని తెలిసి, వీధివీధంతా ఒకే ఇంట్లో చేరాం. క్లీన్ అండ్ జెర్క్‌లో మొదటి లిఫ్టు చూపించారు. రెండోది తప్పింది, అదీ చూపించారు. మూడోదానికి ఆ అమ్మాయి చేతులకు పౌడరు రాసుకుంటోంది. ఒక్కసారిగా తెర మీదకు స్టూడియో వచ్చింది. ముగ్గురు సూటు వేసుకున్నవాళ్లు క్రికెట్ జట్టు ఎంపిక గురించి మాట్లాడుతున్నారు. మళ్లీ అక్కడికి వెళ్లేసరికి వేరే బరువు విభాగం నడుస్తోంది.

ఏమైందో రాత్రి చాలా పొద్దుపోయాక ఫోన్‌లో తెలిసింది. ఎత్తింది. పతకం వచ్చింది. ఆమె తిరిగొచ్చినప్పుడు తోటి లిఫ్టర్ ఎవరో ఫోన్‌తో తీసిన చిన్న వీడియో తెచ్చింది. కోచ్ భుజం వెనక నుంచి తీసింది. అమ్మాయి సగమే కనిపిస్తుంది. ఆ తండ్రి మిల్లు షిఫ్టు దిగి వచ్చి, చేతులకంటిన నార పీచు దులుపుకుని, ఫోన్ పట్టుకుని మళ్లీ మళ్లీ చూశాడు. చివరికి నా వైపు తిరిగి, "మాస్టారూ, ఇందులో దీపాలు కనబడటం లేదు. మూడూ తెల్లగానే వెలిగాయా?" అన్నాడు. కూతురి దగ్గర ఆట నేర్చుకున్న తండ్రి ఆయన. చూడవలసినదేమిటో ఆయనకు తెలుసు. చూపించవలసినవారికే తెలియలేదు. మూడూ తెల్లగానే వెలిగాయని రిజల్టు కాగితం చూసి చెప్పాను.

నా కోపమంతా ఆ స్టూడియో మీద. ఆ బల్లలు, ఆ దీపాలు, ఆ సూట్లు, ఆ తెర వెనక హంగులు, అక్కడే డబ్బు పోతోంది. ఆటకు పోవడం లేదు.

ఈ సభకు వస్తుంటే నాతో పనిచేసిన లెక్కల మాస్టారు ఒకరు ఆపి అడిగారు. తాగునీటికి డబ్బు లేదంటుంటే నువ్వు టీవీకి డబ్బు ఇమ్మని అడగడం న్యాయమా అని. న్యాయమైన ప్రశ్న. ప్రజల సొమ్ము ఎలా పోతుందో మనకు తెలుసు కూడా. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు దూరదర్శన్, ఆకాశవాణిలను నడిపే ప్రసార భారతి ఆతిథ్య ప్రసార సంస్థ, అంటే దృశ్యాలు తీసి అన్ని దేశాలకూ అందించే సంస్థ. ఆ పనిని 246 కోట్ల రూపాయల కాంట్రాక్టుతో బయటివారికి అప్పగించారు. తర్వాత ఆ క్రీడల్లో అక్రమాలపై విచారణకు వేసిన షుంగ్లూ కమిటీ ఆ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అటువంటి ఖర్చును నేను సమర్థించను. లెక్కల మాస్టారి పక్కనే నిలబడతాను.

కానీ నేనడిగేది ఆ డబ్బు కాదండి. చాలా చిన్న పోటీలను ఆయా అంతర్జాతీయ సమాఖ్యలే ఇంటర్నెట్‌లో చూపిస్తున్నాయి. దృశ్యం సిద్ధంగా ఉంది. ప్రసార హక్కు అడిగి తీసుకోవాలి, పక్కన ఆట తెలిసిన మనిషిని కూర్చోబెట్టాలి. మనకు డీడీ సప్తగిరి ఉంది. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం ఉంది. భవనాలున్నాయి, మైకులున్నాయి. లిఫ్టింగ్ మానేసి రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగం చేస్తున్న మన పిల్లలు ఎంతోమంది ఉన్నారు. వారిలో ఒకరిని పిలిచి తెలుగులో చెప్పించడానికి కోట్లు కావాలా? బస్సు ఛార్జీలు, పూట భోజనం, కాస్త గౌరవ పారితోషికం చాలు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2007లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. జాతీయ ప్రాముఖ్యం ఉందని ప్రకటించిన పోటీలను ప్రైవేటు సంస్థ కొనుక్కున్నా, ప్రకటనలు లేని ప్రత్యక్ష సంకేతాన్ని ప్రసార భారతితో పంచుకోవాలి. టీవీలో వచ్చిన ప్రకటనల ఆదాయంలో 75 శాతం హక్కులున్నవారికి, 25 శాతం ప్రసార భారతికి. మంచి చట్టం. నెలనెలా డబ్బు కట్టలేని ఇంట్లో ఫ్రీ డిష్ మీద క్రికెట్ చూడగలుగుతున్నామంటే దానివల్లే. అయితే ఆ చట్టం వల్ల మన ఇళ్లలోకి ఎక్కువగా వచ్చిందేమిటి? క్రికెట్టే. అది లేకపోయినా క్రికెట్‌కు వచ్చే నష్టం లేదు. కొనడానికి వందమంది ఉన్నారు. ఎవరూ కొనని ఆటకే ప్రభుత్వ సంస్థ కావాలి. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మరి మన నెల్లిమర్ల పక్కనున్న కొండవెలగాడ ఊరివాళ్లు ప్రజలు కారా?

కొండవెలగాడ పేరెత్తాను కాబట్టి చెప్పనివ్వండి, సమయం అయిందని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు, ఐదు నిమిషాలు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. మొదట స్వర్ణం గెలిచిన నైజీరియా లిఫ్టర్ డోపింగ్ పరీక్షలో దొరకడంతో సంతోషికి రజతం దక్కింది. 2026 జూలై 23న మళ్లీ అదే గ్లాస్గోలో క్రీడలు మొదలవుతున్నాయి. ఈసారి పది ఆటలే. హాకీ లేదు, బ్యాడ్మింటన్ లేదు, కుస్తీ లేదు, షూటింగ్ లేదు. మనకు పతకాలు తెచ్చే ఆటలు పోయాయి, ఇక చూసేదేముందని అప్పుడే అంటున్నారు. వెయిట్‌లిఫ్టింగ్ ఉంది! మన నెల్లిమర్ల పక్క ఆట ఉంది. బంతులు దొర్లించి గురికి దగ్గరగా చేర్చే బౌల్స్ కూడా ఉంది. 2022 బర్మింగ్‌హామ్‌లో మన మహిళల నలుగురి జట్టు దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించి స్వర్ణం గెలిచేవరకు ఆ ఆట పేరు మనలో ఎంతమంది విన్నాం? ఆ రోజు చూసినవాళ్లంతా గంటలో నియమాలు నేర్చేసుకున్నారు. చూపిస్తే జనం చూస్తారు. ఎవరూ చూడరన్నవాళ్లు ముందు చూపించి, ఆ తర్వాత మాట్లాడాలి.

గుమ్మం దగ్గర బల్ల మీద ఒక ఉత్తరం పెట్టాను. ప్రసార భారతికి, మన ఎంపీ గారికి. అందులో మూడు కోరికలున్నాయి. గ్లాస్గోలో వెయిట్‌లిఫ్టింగ్‌ను మొదటి లిఫ్టు నుంచి చివరిదాకా కోత లేకుండా చూపించాలి. సప్తగిరిలో తెలుగు వ్యాఖ్యానం ఉండాలి, చెప్పేవారు లిఫ్టింగ్ చేసినవారై ఉండాలి. ఆసియా, జూనియర్ పోటీల్లో తెలుగు పిల్లలు పాల్గొన్న రోజున కనీసం రేడియోలో ఆ సాయంత్రమే పూర్తి వివరం రావాలి. స్టూడియో అలంకరణకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించినా ఇవి జరుగుతాయని రాశాను.

చదివి, ఒప్పుకుంటేనే సంతకం చేయండి. లెక్కల మాస్టారూ, మీరు కూడా ఒకసారి చదవండి, లెక్క తప్పితే దిద్దండి. పిల్లలూ, మీరు కూడా చేయవచ్చు. పేరు పక్కన ఊరి పేరు తప్పకుండా రాయండి. కొండవెలగాడ వాళ్లయితే కొండవెలగాడ అని, నెల్లిమర్ల వాళ్లయితే నెల్లిమర్ల అని, అక్షరాలు విడివిడిగా కనిపించేలా రాయండి. రేపు ఉదయం తపాలా కార్యాలయం తెరవగానే స్పీడ్ పోస్టులో పంపిస్తాను. సెలవు.