ఆ చివరి "ని" తీసేస్తే

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ మీతో ఒక చిన్న అక్షరం గురించి మాట్లాడదామని వచ్చానండి. "ని" అనే అక్షరం.

మనల్ని మనం పరిచయం చేసుకునేటప్పుడు ఏమంటాం, నేను టీచర్ని అంటాం, నేను డాక్టర్ని, నేను ఇంజనీర్ని, నేను ఇద్దరు పిల్లల తల్లిని, నేను క్లాస్ టాపర్ని. అదే ఇంకొకరి గురించైతే ఆమె టీచర్, ఆయన డాక్టర్, అంతే, మాట అక్కడితో అయిపోతుంది. నా గురించి చెప్పుకునేటప్పుడు మాత్రం ఆ మాట చివర ఒక "ని" వచ్చి చేరుతుంది, చేరి ఆ ఉద్యోగాన్ని, ఆ ర్యాంకుని తెచ్చి నాకు అతికించేస్తుంది. మాట్లాడే తొందర్లో కొంతమంది దాన్ని వదిలేస్తారు గానీ మనసులో మాత్రం అది అతుక్కునే ఉంటుంది. ఎంత గట్టిగా అతుక్కుందో ఊడినప్పుడు గానీ తెలీదు.

నాకు ఊడినప్పుడే తెలిసింది. 14 ఏళ్ళు ఒకే కంపెనీలో పనిచేశాను, చివరి ఆరేళ్ళూ నేను టీమ్ లీడ్‌ని. ఒకరోజు మా డిపార్ట్‌మెంట్ మొత్తం తీసేశారు, మధ్యాహ్నానికి ఐడీ కార్డు ఇచ్చేసి బయటికొచ్చాం. డబ్బుకి ఇబ్బంది పడ్డాం, అది నిజమే, కానీ కొన్ని నెలలకి ఎలాగో సర్దుకుంది. నన్ను బాగా కుంగదీసింది ఇంకోటి. ఒక ఫంక్షన్‌లో పక్కన కూర్చున్నావిడ చాలా మామూలుగా "మీరేం చేస్తుంటారండీ" అని అడిగారు. నోరు తెరిచాను, మాట రాలేదు. అబద్ధం చెప్పలేను, నిజం చెప్దామంటే ఆ "ని" ముందు పెట్టడానికి నా దగ్గర ఏ మాటా లేదు. ఆవిడ ఏమీ అనుకోలేదు, వేరే విషయంలోకి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించాను, 14 ఏళ్ళ కిందట ఈ ఉద్యోగం లేనప్పుడు కూడా నేను ఉన్నాను కదా, మరి ఇప్పుడెందుకు లేనట్టు అనిపిస్తోంది అని.

ఆ రోజుల్లోనే ఒక పరీక్ష గురించి చదివాను. పరీక్ష అంటే మార్కులుండవండి. 1954లో మాన్‌ఫర్డ్ కూన్, థామస్ మెక్‌పార్ట్‌లాండ్ అని ఇద్దరు అమెరికన్ సోషియాలజిస్టులు చేసింది. కాగితం మీద ఇరవై ఖాళీ గీతలుంటాయి, "నేనెవర్ని" అనే ప్రశ్నకి ఇరవై జవాబులు రాయాలి, 12 నిమిషాల టైమ్. ఇంకెవరికో చెప్తున్నట్టు కాకుండా మీకు మీరే చెప్పుకుంటున్నట్టు రాయండి అంటారు. రాసినవాళ్ళ కాగితాలు చూస్తే వాళ్ళకి ఒకటి కనిపించింది. దాదాపు అందరూ ముందు ఎవరికైనా ఇట్టే అర్థమయ్యే మాటలు రాస్తారు, స్టూడెంట్‌ని, ఆడపిల్లని, ఫలానా మతం, ఎవరి భార్య, ఎవరి కొడుకు, ఇలాంటివి. అవన్నీ అయిపోయాకే లోపలివి మొదలవుతాయి, నాకు సంతోషం తక్కువ, నేను తొందరగా విసుక్కుంటాను, ఇలా.

నేనూ ఒక నోట్‌బుక్ తీసి కూర్చున్నాను. ఎనిమిది వరకు పెన్ను ఆగకుండా నడిచింది. కూతుర్ని, అక్కని, తల్లిని, గ్రాడ్యుయేట్‌ని, మాజీ టీమ్ లీడ్‌ని, ఇలా వరసగా. తొమ్మిదో నంబర్ దగ్గర ఆగిపోయాను. అప్పుడు నాకు భయమేసింది, నిజంగా, ఈ ఎనిమిదీ తీసేస్తే ఇంకేం లేదా అని. కాగితం మడిచి పెట్టేశాను, ఆ సంగతి తర్వాత చెప్తాను.

మన భాషలో ఇంకో రకం వాక్యం కూడా ఉందండి. నాకు కోపం వచ్చింది అంటాం. నవ్వొచ్చింది, నిద్రొచ్చింది, ఏడుపొచ్చింది. కోపం ఎక్కడినుంచో వచ్చింది, నా దగ్గరికి వచ్చింది, కాసేపుండి పోతుంది. నేను కోపాన్ని అని ఎవరూ అనరు. సరే, ఇప్పుడు మనం గొప్పగా చెప్పుకునేవాటి సంగతి చూడండి. మార్కులొచ్చాయి, ర్యాంకొచ్చింది, ఉద్యోగం వచ్చింది, ప్రమోషన్ వచ్చింది, ఆఖరికి పేరు కూడా, ఆయనకి మంచి పేరొచ్చింది అంటాం. విద్యని కూడా నాకు ఈత వచ్చు, సంగీతం వచ్చు అనే చెప్తాం. అన్నీ వచ్చినవేనని మన నోరే ఒప్పుకుంటోంది. వాటి కోసం మనం కష్టపడలేదని కాదు, చచ్చేంత కష్టపడే ఉంటాం, అయినా సరే అవి వచ్చినవి. వచ్చిన ర్యాంకుని పక్కన కూర్చోబెట్టుకోకుండా నేను ర్యాంకర్ని అని ఒంటికి అతికించుకున్న క్షణం నుంచి మొదలవుతుంది అసలు బాధ, ఎందుకంటే వచ్చింది పోతే బాధగా ఉంటుంది అంతే, అతికించుకున్నది పోతే మాత్రం చర్మం ఊడొచ్చినట్టుంటుంది.

ఓడిపోయినప్పుడు ఇది ఇంకా ఘోరం. ఎగ్జామ్ ఫెయిలయ్యాను అనేది జరిగిన ఒక సంగతి, ఒక తేదీ ఉంటుంది దానికి. నేను ఫెయిల్యూర్‌ని అన్నామంటే దానికి తేదీ లేదు, జీవితాంతం. నాకు షుగర్ వచ్చింది అనేది ఒకటి, నేను షుగర్ పేషెంట్‌ని అనేది ఇంకోటి. పెళ్ళి నిలబడలేదు అనేది ఒకటి, నేను మొగుడొదిలేసినదాన్ని అని రాత్రిళ్ళు తనకి తనే చెప్పుకోవడం ఇంకోటి. ఈ మాటలు బయటివాళ్ళు అన్నప్పుడు కనీసం ఎదురు తిరుగుతాం, మనమే మన గురించి అనుకుంటే ఎదురు చెప్పేవాళ్ళు ఎవరుంటారండి.

పోనీ గెలిచినవాళ్ళైనా హాయిగా ఉన్నారా అంటే అదీ లేదు. విలియం జేమ్స్ అని అమెరికన్ సైకాలజిస్ట్, 1890లోనే ఒక లెక్క చెప్పాడు. మన మీద మనకుండే గౌరవం అంటే మనం సాధించినదాన్ని మనం ఆశించినదాంతో భాగిస్తే వచ్చేది అన్నాడు. అందుకే ప్రపంచం మొత్తంలో రెండో గొప్ప బాక్సర్ అయిన మనిషి కూడా సిగ్గుతో చచ్చిపోతాడు, అతను ఆ ఒక్కణ్ణి తప్ప మిగతా లోకమంతట్నీ కొట్టగలడు, అయినా అతని లెక్కలో అది సున్నాయే.

దీని పక్కన నాకెప్పుడూ బజ్ ఆల్డ్రిన్ గుర్తొస్తాడు. 1969 జులైలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ వెనకాలే చంద్రుడి మీద అడుగుపెట్టాడు, అప్పటికి ఆయనకి 39 ఏళ్ళు. మనిషి అన్నవాడు అంతకంటే పైకి ఎక్కడికి వెళ్తాడు చెప్పండి. తిరిగొచ్చాక ఆయన డిప్రెషన్‌లోకి వెళ్ళిపోయాడు, తాగుడు పట్టుకుంది, పెళ్ళి విడిపోయింది. తర్వాత ట్రీట్‌మెంట్ తీసుకుని బయటపడ్డాడు, ఆ కాలంలో అంత పేరున్న మనిషి ఇలాంటి విషయం నలుగురి ముందు ఒప్పుకోవడమే గొప్ప, నా దృష్టిలో చంద్రుడి మీదకి వెళ్ళడం కన్నా దానికే ఎక్కువ గుండె కావాలి. ఆయన బాధకి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్కటే అని నేననను, కానీ చంద్రుడి మీదకి వెళ్ళొచ్చాక ఇంకేం చేయాలి అనే ప్రశ్న తనని ఎంత పీడించిందో ఆయనే చెప్పుకున్నాడు. మీలో ఎవరికైనా ఇలాంటి కుంగుబాటు వారాల తరబడి వదలకపోతే, నిద్రా తిండీ పోతే, అది మాటలతో పోయేది కాదు, డాక్టర్‌కి చూపించుకోండి.

అసలు ఈ అతికించడం ఎప్పుడు మొదలవుతుందీ అంటే చిన్నప్పుడే, అదీ ప్రేమతోనే. క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ అని ఇద్దరు సైకాలజిస్టులు 1998లో పదీ పదకొండేళ్ళ పిల్లలతో చేసిన ప్రయోగాలు బయటపెట్టారు. పిల్లలకి కొన్ని పజిల్స్ ఇచ్చారు, చేశాక కొందరితో నువ్వు తెలివైనదానివి అని ఒక్క మాట అన్నారు, ఇంకొందరితో నువ్వు బాగా కష్టపడ్డావు అన్నారు, అంతే తేడా. తర్వాత కావాలనే చాలా కష్టమైనవి ఇచ్చారు, అందరూ తడబడ్డారు. తెలివైనదానివి అనిపించుకున్న పిల్లలు అక్కడే నీరుగారిపోయారు, ఆ తర్వాత మళ్ళీ తేలికవి ఇచ్చినా మొదటిసారి చేసినంత కూడా చేయలేకపోయారు. వేరే స్కూల్ పిల్లలకి మీ స్కోరు రాసి పంపండి అంటే వాళ్ళలో నూటికి దాదాపు 40 మంది ఎక్కువ చేసి రాశారు. పేరు కూడా రాయక్కర్లేని కాగితం అది, ముక్కూ మొహం తెలీని పిల్లల కోసం. కష్టపడ్డావు అనిపించుకున్నవాళ్ళలో అలా రాసినవాళ్ళు బాగా తక్కువ.

నేనిది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను, ఎందుకంటే నా కూతురికి నేను ఇచ్చిన మెచ్చుకోళ్ళన్నీ ఆ మొదటి రకమే. తెలివైనదాని"వి" అన్నప్పుడు ఆ చివరి "వి" కూడా మన "ని" లాంటిదే, బిడ్డకి ఒక బొమ్మ అతికించి దాన్ని కాపాడుకో అంటున్నాం, ఇక ఆ పిల్ల పజిల్ చేయడం మానేసి ఆ బొమ్మని కాపాడుకునే పనిలో పడుతుంది. కష్టపడ్డావు అనేది అలా కాదు. అది ఆ పిల్ల చేసిన పని. రేపు కూడా తన చేతిలోనే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. లేబుల్స్ అన్నీ చెత్త, విసిరేయండి అని నేను చెప్పట్లేదు. ఇంట్లో మొట్టమొదటిసారి చదువుకుని, ఎన్నో అవమానాలు పడి నేను లాయర్ని అనగలిగిన అమ్మాయికి ఆ "ని" ఎంత విలువైందో నాకు తెలుసు, దాన్ని వదులుకోమనే హక్కు నాకు లేదు. ఆ పేరుతో లోకంలో నిలబడాలి, తప్పదు. కానీ రాత్రి దీపం ఆర్పాక కూడా ఆ ఒక్క పేరే తోడుగా ఉంటే మాత్రం భయంగా ఉంటుందండి.

మరి ఆ పేర్లు పోతే ఏం మిగులుతుంది. దీనికి జవాబు నాకు అనుకోని చోట దొరికింది, మతిమరుపు జబ్బుల మీద చేసిన ఒక స్టడీలో. నీనా స్ట్రోమింగర్, షాన్ నికోల్స్ అని ఇద్దరు 2015లో ప్రచురించారు. అల్జీమర్స్ లాంటి జబ్బులొచ్చినవాళ్ళ కుటుంబాల్ని అడిగారు, మీ మనిషి ఇప్పటికీ మీకు ఆ మనిషిలాగే అనిపిస్తున్నారా, లేక ఎవరో కొత్తవాళ్ళతో ఉంటున్నట్టుందా అని. మనమేమనుకుంటాం, జ్ఞాపకం పోతే మనిషి పోయినట్టే అనుకుంటాం. చేసిన ఉద్యోగం గుర్తులేదు, గెలిచినవి గుర్తులేవు, పిల్లల పేర్లు తడబడుతున్నారు, ఇంకేం మిగిలింది అని. కానీ ఆ ఇళ్ళవాళ్ళు అలా చెప్పలేదు. జ్ఞాపకం పోవడం అంత తేడా తేలేదు. దయ, నిజాయితీ, ఎదుటివాళ్ళ బాధ పట్టించుకోవడం, ఈ స్వభావం మారిపోయినప్పుడే ఈ మనిషి మా మనిషి కాదు అనిపించిందట వాళ్ళకి. మెదడు ముందు భాగాన్ని దెబ్బతీసి ప్రవర్తననే మార్చేసే ఒక రకం డిమెన్షియా ఉంది, ఆ కుటుంబాలకి అలా అనిపించడం అందరికన్నా ఎక్కువ. అంటే మన పక్కన బతికేవాళ్ళు మనల్ని గుర్తుపట్టేది మనం మెడలో వేసుకున్న మెడల్స్‌తో కాదు, మనం మనుషులతో ఉండే తీరుతో.

ఇప్పుడు ఆ మడిచిన కాగితం సంగతి. ఎనిమిది దగ్గర ఆగిందన్నాను కదా, ఒకరోజు మా చెల్లికి దాన్ని పంపి, మిగతావి నువ్వు పూర్తి చెయ్యవే అన్నాను. అది రెండు రోజులు తీసుకుంది. ఏం రాస్తుందో అని నేను ఎదురుచూశాను, ధైర్యవంతురాలివి, మంచిదానివి, ఇలాంటివి రాసి ఓదారుస్తుందేమో అనుకున్నాను. అవేవీ రాయలేదు. అది రాసినవి చదువుతాను వినండి.

"అక్కా, ముసలివాళ్ళతో నడిచేటప్పుడు నువ్వు నడక తగ్గిస్తావు. ఎవరైనా తప్పు చేస్తే నలుగురిలో అనవు, పక్కకి పిలిచి చెప్తావు. పాట ఏదైనా సగమే పాడతావు. మాటిస్తే మర్చిపోవు, కానీ ఆలస్యం చేస్తావు. కోపమొస్తే మాట్లాడటం మానేస్తావు, అది నాకు అస్సలు నచ్చదు. ఫోన్ పెట్టేసే ముందు ప్రతిసారీ ఇంకేమైనా చెప్పాలా అని అడుగుతావు."

ఆరు వాక్యాలు. ఒక్కదాంట్లోనూ మాట చివర అతికించిన పేరు లేదు. తగ్గిస్తావు, చెప్తావు, పాడతావు, అడుగుతావు, అన్నీ పనులే. టీమ్ లీడ్‌గా ఉన్నప్పుడూ నేను ఇవి చేశాను, స్కూల్లో ఉన్నప్పుడూ చేశాను, ఆ కార్డు ఇచ్చేసి వచ్చిన రోజు సాయంత్రం కూడా వీటిలో ఏదో ఒకటి చేసే ఉంటాను, నాకే తెలీకుండా. ఇందులో రెండు లోపాలు కూడా ఉన్నాయి, అవీ నావే, చదివినప్పుడు వాటికే ఎక్కువ ఏడుపొచ్చింది, ఎందుకంటే అవి రాసిందంటే నా చెల్లి నన్ను నిజంగా చూసి రాసింది.

ఆ తర్వాత నేను చిన్నగా వేరే పని మొదలుపెట్టాను, అది నడుస్తోంది, దాని పేరు ఇక్కడ అవసరం లేదు. కాగితంలో ఇంకా ఆరు గీతలు ఖాళీగానే ఉన్నాయి. తొందరేం లేదు.

మొన్న రాత్రి చెల్లితో చాలాసేపు మాట్లాడాను, ఇంట్లో సంగతులూ పిల్లల సంగతులూ అన్నీ అయిపోయాయి, ఇక పెట్టేద్దామని, అలవాటుగా, "ఇంకేమైనా చెప్పాలా" అన్నాను. అటువైపు ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు, తర్వాత "అదిగో" అంది.

నమస్కారం.