మజ్జ కడగకుండా ఎక్కిస్తే మోసమా? క్యాన్సర్ సంచిలో కాదు, ఒంట్లో ఉంది!

"రోగి సొంత మూలకణాల్లో క్యాన్సర్ ఉంటుంది, ఆసుపత్రులు కడగకుండానే తిరిగి ఎక్కిస్తాండాయి" అని వాట్సాప్‌లో తిప్పుతాండారే, దాని గురించే ఈ వీడియో. మూలకణాలంటే రక్తాన్ని పుట్టించే కణాలు. వాటిని రోగి మజ్జ నుంచో రక్తం నుంచో ముందే తీసి సంచిలో గడ్డకట్టించి పెడతారు, గట్టి మందులతో క్యాన్సర్‌ను చంపినాక తిరిగి ఎక్కిస్తారు. ఆ సంచిలో కలిసిన క్యాన్సర్ కణాలను తీసేయడమే 'కడగడం'. కర్నూలు నుంచి హైదరాబాద్‌కు, అనంతపురం నుంచి బెంగళూరుకు, కడప నుంచి వేలూరుకు అప్పులు చేసి పోయేవాళ్లను ఇట్ల భయపెడతారా? గట్టిగా చెప్తాండా: తిరగబెట్టే క్యాన్సర్ ఎక్కువగా సంచిలోది కాదు, ఒంట్లో మిగిలినది!

సంచిలో అసలుండదని కాదప్పా. 1993లో బ్రెన్నర్ అనే పరిశోధకుడి బృందం మజ్జకు గుర్తు జన్యువు తగిలించి ఎక్కించింది. లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, తిరగబెట్టినాక చూస్తే, ఆ క్యాన్సర్ కణాల్లో అదే గుర్తు, అంటే కొన్ని సంచిలోంచే వచ్చాయన్నమాట! అందుకే కడిగేదానికి నానా తిప్పలు పడ్డారు. 4-హెచ్‌సీ అనే మందు మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల దాకా కలిపి, 37 డిగ్రీల్లో అరగంట ఉంచేవాళ్లు. తిరకాసు ఎక్కడంటే, ఎర్రకణాల్లోని ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ ఆ మందును విరిచేస్తుంది. ఎర్రకణాలు ఎక్కువుంటే మందు పారదు, మరీ తీసేస్తే మంచి కణాలూ చస్తాయి. అప్పుడు ప్లేట్‌లెట్లు లేవక రోగి వారాల తరబడి మంచంలోనే.

తర్వాత క్యాన్సర్ కణాలకు అతుక్కునే యాంటీబాడీ పూసిన అయస్కాంత పూసలొచ్చాయి, వాటిని అయస్కాంతంతో లాగేసేవాళ్లు. సీడీ34 గుర్తున్న మూలకణాలను మాత్రమే పట్టుకుని మిగతావి పారేసే పద్ధతీ వచ్చింది. రోగాలతో పోరాడే టీ కణాలు కూడా దాంతోనే పోయి, సైటోమెగలో అనే వైరస్ రోగి మీద పడేది.

ఫలితం చూడండి. 2001లో మైలోమా (మజ్జలో వచ్చే క్యాన్సర్) ట్రయల్‌లో సంచిలోని క్యాన్సర్ కణాలు దాదాపు వెయ్యో వంతుకు దిగాయి, జబ్బు తిరగబెట్టడం మాత్రం తగ్గలేదు! 2013లో వచ్చిన పిల్లల న్యూరోబ్లాస్టోమా (నరాల కణాల క్యాన్సర్) ట్రయల్‌లో 495 మంది, అక్కడా తేడా రాలేదు. చేనులో గడ్డి విత్తనం అట్లే ఉంటే, శనక్కాయలకు ఎంత విత్తన శుద్ధి చేస్తే ఏం లాభం సామీ?

లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) డాక్టర్లు చేసేదే నాకు నచ్చుతుంది: క్యాన్సర్ కణాలను చంపే రిటుక్సిమాబ్ మందును ముందే ఒంట్లోకి ఎక్కించి, ఆ తర్వాత కణాలు సేకరిస్తారు. ఒళ్లూ సంచీ రెండూ శుభ్రం.

ఇంకో పుకారు. ఎక్కించేటప్పుడు గదంతా వెల్లుల్లి వాసనొస్తే కణాలు కుళ్లినాయంట! అది గడ్డకట్టించేటప్పుడు కలిపే డీఎంఎస్‌వో వాసనయ్యా.

"కడిగారా" అని కొట్లాడొద్దు. సేకరణకు ముందు ఎంఆర్‌డీ, అంటే ఒంట్లో మిగిలిన క్యాన్సర్ జాడ, ఎంతుందో అడగండి. సీడీ34 కణాలు కిలో బరువుకు ఎన్నొచ్చాయో అడగండి: కనీసం 20 లక్షలు, 50 లక్షలైతే దిగుల్లేదు. 60 కిలోల మనిషికి కనీసం 12 కోట్లన్నమాట. తక్కువొస్తే, మూలకణాలను మజ్జ నుంచి రక్తంలోకి వదిలించే ప్లెరిక్సాఫార్ ఇంజెక్షన్ వేసి మళ్లీ తీస్తారు, అది ఖరీదైన మందు, దాని ధర ముందే కనుక్కోండి.